పదిహేడు ఒకట్లు

"ఎక్కడి దాకా చూశారండీ మాస్టారూ?"

1991 డిసెంబరులో, తునిలో మా బడి వరండా చివర నిలబడి ఒక పదో తరగతి అమ్మాయి నన్నడిగిన ప్రశ్న అది. లక్ష దాకా చూశానమ్మా అంటే సరిపోయేది. నేను ఆ మాట అనలేదు. "మొత్తం చూశాను" అన్నాను. ఆ అబద్ధం సంగతి ముప్పై మూడేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు.

ఆ నెల మొదట్లో పిల్లలకు గుణకారంలో ఒక చమత్కారం చూపించాను. 12345679ని 9తో హెచ్చవేస్తే వరసగా తొమ్మిది ఒకట్లు వస్తాయి. 152207ని 73తో హెచ్చవేస్తే ఎనిమిది ఒకట్లు. 142857143ని 7తో హెచ్చవేస్తే అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి, నడుమ ఎనిమిది సున్నాలు. ఇవి నేను అల్లినవి కావు. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో ఇచ్చిన లెక్కలు. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే ఇలాంటి లబ్ధాలను ఆయన రాజుల మెడలో వేసే హారాలతో పోల్చాడు. ఆ పుస్తకాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. పిఠాపురం దగ్గరి నవఖండవాడ రాజరాజనరేంద్రుడు ఆ కుటుంబానికిచ్చిన ఊరని సాహిత్య చరిత్రల్లో ఉంటుంది. తుని నుంచి కాకినాడ బస్సెక్కితే పిఠాపురం మీదుగానే పోవాలి. తెలుగులో లెక్కల పుస్తకం పుట్టిన దారినే మీరు రోజూ తిరుగుతున్నారర్రా అని క్లాసులో చెప్పడం నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

ఆ రోజు గంట కొట్టాక ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వచ్చింది. "ఒకట్లు ఎన్ని పెట్టినా ఇలా విడిపోతాయాండీ? విడిపోనిది ఉండదా?" అంది.

అంతకు ముందు ఆరేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ అలాంటి ప్రశ్న అడగలేదు. ఒకట్ల లెక్క సరి సంఖ్యయితే 11తో పోతుంది, మూడుకు గుణిజమైతే 111తో పోతుంది, కాబట్టి ఒకట్ల లెక్కే ప్రధాన సంఖ్య అయినప్పుడు మాత్రం చూడాలి అని చెప్పాను. 11 విడిపోదు. 111 అంటే 3 హెచ్చు 37. అయిదు ఒకట్లు 41, 271. ఏడు ఒకట్లు 239, 4649. పదకొండు ఒకట్లు 21649, 513239. పదమూడు ఒకట్లలో 53, 79 ఉన్నాయి. ఇక్కడ ఆగి, కొంచెం గొంతు తగ్గించి, "పదిహేడు ఒకట్లు మాత్రం విడిపోవు" అన్నాను.

మా వైపు తుని తగవు అనే మాట ఉంది. తుని అంటే తునక. ఇద్దరు కొట్లాడుకుంటూ వస్తే న్యాయం ఎవరి పక్కనుందో చూడకుండా చెరి సగం తుంచి ఇచ్చి పంపేయడం తుని తగవు. ప్రధాన సంఖ్య ఆ తగవుకు లొంగదు. రెండు వాటాలు కాదు, ఏడు కాదు, పదమూడు కాదు, ఎన్ని సమాన వాటాలు వెయ్యబోయినా చివర ఏదో మిగులుతుంది. ఒక్కొక్కటిగా విడదీస్తే తప్ప పంపకం తెగదు. ఊళ్ళో పెద్దమనుషుల పంపకాలు చూస్తూ పెరిగిన నాకు ఈ లొంగకపోవడమంటేనే ఇష్టం. అందుకే 1990 వేసవి సెలవులు మొత్తం పదిహేడు ఒకట్లకు ఇచ్చాను.

ఒక సంఖ్య ప్రధానమని తేల్చాలంటే దాని వర్గమూలం దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. పదిహేడు ఒకట్లకు వర్గమూలం 10,54,09,255. పది కోట్ల పైమాట. అన్నిటినీ చూడనక్కర్లేని వెసులుబాటు ఒకటుంది. ఏదైనా ప్రధాన సంఖ్య పదిహేడు ఒకట్లను భాగిస్తే, దానితో భాగించి శేషాలు చూసే లెక్కలో 10ని పదిహేడుసార్లు హెచ్చవేస్తే వచ్చేది 1. అప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం ఆ ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేయగా మిగిలేది 17కు గుణిజం కావాలి. అది సరి సంఖ్య కూడా కాబట్టి 34కు గుణిజం. అంటే 103, 137, 239, 307, 409, 443 ఇలా 34తో భాగిస్తే 1 మిగిలేవే చూడాలి. లక్ష లోపల అలాంటి ప్రధాన సంఖ్యలు ఆరు వందల దాకా ఉంటాయి. రోజుకు పది చొప్పున రెండు నెలలు భాగాహారాలు చేశాను. మధ్యాహ్నం పూట ఇంట్లో అందరూ నిద్రపోయేవాళ్ళు, వీధిలోంచి మామిడికాయల లారీలు యార్డుకు పోయేవి, నేను అరుగు మీద కూర్చుని పదిహేడు ఒకట్లను దించుకుంటూ పోయేవాణ్ణి. ఒక్కటి కూడా నిశ్శేషంగా పోలేదు. జూన్‌లో బడి తెరిచారు. ఆఖరి వరస 99961. దాని కింద గీత గీసి "ప్రధాన సంఖ్య" అని రాసేశాను.

ఆ రెండు మాటలు రాసిన క్షణం గురించి చాలాసార్లు ఆలోచించాను. లక్ష ఎక్కడ, పది కోట్ల యాభై నాలుగు లక్షలెక్కడ? ఆ దారిలో చూడవలసిన మజిలీలు 31 లక్షలు. నేను దాటినవి 2,940. వెయ్యో వంతు కూడా కాదు. ఆ సంగతి తెలియక రాయలేదు. లెక్కల్లో ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, బాగా తెలిసే రాశాను. రెండు నెలల చాకిరీకి చివర ఒక పేరుండాలనిపించింది. "దొరకలేదు" అని రాస్తే అది పేరు కాదు. "లేదు" అని రాస్తే పేరు. నాకు కనపడకపోవడం వేరు, అసలు లేకపోవడం వేరు అని పిల్లలకు చెప్పే నేనే, నా పుస్తకంలో మొదటిదాన్ని చెరిపి రెండోది రాసుకున్నాను.

అదైనా నా పుస్తకంలోనే ఉండిపోతే నా ఒక్కడి తప్పుగా ఉండేది. ఆ అమ్మాయి "ఎక్కడి దాకా చూశారండీ" అని అడిగినప్పుడు దిద్దుకోవడానికి దారి కూడా దొరికింది. ఆ ప్రశ్నలో నన్ను పరీక్షించే ఉద్దేశం లేదు. తను కూడా అక్కడి నుంచి అందుకుని కాస్త దూరం వెళ్దామని అడిగింది. లక్ష దాకా అని ఉంటే, ఆ పిల్ల లక్షా ఒకటి నుంచి మొదలుపెట్టి ఉండేదని ఇప్పటికీ నమ్ముతాను. నేను మొత్తం చూశానన్నాను. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి నా పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకుంది. జిల్లా సైన్సు ప్రదర్శనకు చార్టు రాస్తానంది. సరేనన్నాను.

జనవరిలో కాకినాడ వెళ్ళాం. చార్టు చక్కగా వచ్చింది. పైన మహావీరాచార్యుడి హారాలు, కింద ఒకట్ల వరసలు, ఒక్కో వరస పక్కన దాని కారణాంకాలు రంగు పెన్సిళ్ళతో. అడుగున ఎర్ర సిరాతో పదిహేడు ఒకట్లు, దాని పక్కన "ప్రధాన సంఖ్య". మొదటి రోజు చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయనకు కంప్యూటరు తెలుసు. ఆ సంఖ్యను కాగితం మీద రాసుకుని వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి ఒక చీటీ ఆ అమ్మాయి చేతికిచ్చాడు. దాని మీద రెండు సంఖ్యలున్నాయి. 2071723, 5363222357.

నేను అప్పుడు నాలుగు బల్లల అవతల ఉన్నాను. ఆ అమ్మాయి ఆయనతో వాదించలేదు, నా వైపు చూడలేదు. చార్టు విప్పి, వెనక్కి తిప్పి, నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ రెండింటినీ హెచ్చవేయడం మొదలుపెట్టింది. ఏడు వరసలు. కుడి నుంచి కూడుకుంటూ వచ్చింది. ఒకటి. ఒకటి. ఒకటి. చుట్టూ పిల్లలు మూగారు. ఒక్కో స్థానం దగ్గరా మోసుకొచ్చినది కలుపుతోంది, కింద ఒకటే పడుతోంది. పదో స్థానం దాటేసరికి నాకు కాళ్ళు చల్లబడ్డాయి. పదిహేడో ఒకటి రాసి పెన్సిలు కింద పెట్టింది.

2071723 అంటే 34 హెచ్చు 60,933, దానికి ఒకటి కలపాలి. నేను 2,940 దగ్గర ఆగాను.

"ఇది ప్రధాన సంఖ్య అని నీకెవరు చెప్పారమ్మా?" అని ఆయన మెత్తగానే అడిగాడు. ఆ అమ్మాయి లేచి నిలబడి, "నేనే సరిగ్గా చూసుకోలేదండి" అంది.

నేను అక్కడే ఉన్నాను. రెండడుగులు ముందుకు వేసి "తప్పు నాది" అంటే అయిపోయేది. అనలేదు. ఎందుకనలేదంటే ఇప్పుడు కూడా నా దగ్గర మంచి జవాబు లేదు. సిగ్గు అందామంటే, పదిహేనేళ్ళ పిల్ల అంతకన్నా పెద్ద సిగ్గును నా ముందే మోసింది. సాయంత్రం బస్సులో తిరిగొచ్చాం. పిఠాపురం దాటుతున్నప్పుడు ఎప్పటిలా మల్లన కబురు నా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ అమ్మాయి చుట్టిన చార్టును ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కత్తిపూడి, అన్నవరం, తుని. దిగేటప్పుడు "వస్తానండీ మాస్టారూ" అంది, అంతే.

ఆ తర్వాత క్లాసులో ప్రశ్నలు మానేసింది. లెక్కల్లో మార్కులు తగ్గలేదు, ప్రశ్నలే ఆగిపోయాయి. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ తీసుకుంటుందనుకున్నాను. బైపీసీ తీసుకుంది. పిల్లలు దేనివల్ల ఏ దారి పడతారో ఒక్క కారణం చెప్పలేం, వాళ్ళ ఇంట్లో ఏం అనుకున్నారో. అయినా ఆ కబురు విన్న రోజు రాత్రి నాకు అన్నం సహించలేదు.

పెద్దవాళ్ళు కూడా ఇలాంటి తప్పులు చేశారని తర్వాత చదివినప్పుడు కొంతకాలం వాటి వెనక దాక్కున్నాను. చదరంగం గళ్ళలో గింజలు రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే ఇరవై అంకెల సంఖ్య ఉంది కదా, పావులూరి మల్లన పద్యంలో కూర్చినది, 18446744073709551615. దాన్ని కారణాంకాలుగా విడదీస్తే అందులో 4294967297 ఉంటుంది. ఆ సంఖ్య ప్రధానమని 1640లో ఫెర్మా అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417గా విడగొట్టాడు. ఫెర్మా అంతటివాడు 641 దగ్గర తప్పిపోతే నేనెంత అనుకునేవాణ్ణి. కానీ ఫెర్మా ఉత్తరాల గురించి ఇంకా చదివితే, ఋజువు తన దగ్గర లేదని ఆయన ఆనాడే రాసుకున్నాడని తెలిసింది. ఎక్కడి దాకా వెళ్ళాడో చెప్పాడు. ఆ ఒక్క మాటతో ఆ నీడ కూడా నా మీద నుంచి తొలగిపోయింది.

2024 అక్టోబరులో కొత్త రికార్డు ప్రధాన సంఖ్య దొరికిందని వార్త చదివాను. 2ను 13,62,79,841సార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది. 4,10,24,320 అంకెలు. లూక్ డ్యూరాంట్ అనే ఆయన కనుక్కున్నాడు. ఐర్లండులోని ఒక యంత్రం ఇది ప్రధానం కావచ్చు అంది. ఆ మాటతో ప్రకటన చేయలేదు. వేరే యంత్రాల మీద, వేరే ప్రోగ్రాములతో మళ్ళీ మళ్ళీ లెక్క వేయించి, అన్నీ ఒకే మాట చెప్పాకే బయట పెట్టారు. ఆ వార్త చదివిన సాయంత్రం అటక మీద నుంచి పాత పుస్తకాల పెట్టె దింపించాను. ప్రదర్శన అయ్యాక ఆ అమ్మాయి తిరిగిచ్చిన పుస్తకం అందులోనే ఉంది. ఆఖరి పేజీలో 99961, కింద గీత, ఆ రెండు మాటలు.

నన్ను ఎక్కువగా కలచివేసేది ఇంకొకటుంది. పదిహేడు ఒకట్ల పక్కన మరో రెండు ఒకట్లు పెడితే, పందొమ్మిది ఒకట్లు నిజంగానే ప్రధాన సంఖ్య. ఆ అమ్మాయి అడిగిన విడిపోనిది అక్కడే ఉంది, పక్కింట్లో. నేను పదిహేడు దగ్గర తలుపు మూసేయడం వల్ల ఇద్దరం అటు తొంగి చూడలేదు. ఫోనులో కొడితే అర క్షణంలో ఔనంటుంది. నాకు ఆ ఔను చాలలేదు. ఎక్కడి దాకా చూశారని ఇంకోసారి ఎవరైనా అడిగితే, చివరిదాకా అని నిజంగా అనగలగాలి, అది కూడా నా చేత్తో.

భాగాహారాలతో అది అయ్యే పని కాదు. పందొమ్మిది ఒకట్లకు వర్గమూలం 105 కోట్ల పైచిలుకు. అక్కడ భాజకాలు 38తో భాగిస్తే 1 మిగిలేవి కావాలి. అవి 2 కోట్ల 77 లక్షలు. నిమిషానికొకటి చొప్పున రోజుకు ఎనిమిది గంటలు కూర్చున్నా నూటయాభై ఏళ్ళు దాటుతుంది. కానీ ఇంకో దారి ఉంది. సంఖ్యను వదిలేసి దానికి ఒకటి తక్కువ దాన్ని పట్టుకోవాలి. 1914లో పాక్లింగ్టన్ చూపించిన దారి ఇది. ఆయన లీడ్స్ నగరంలో బడిపంతులు. ఆ సంగతి తెలిశాక ఆయన నా మనిషి అయిపోయాడు.

పందొమ్మిది ఒకట్లలోంచి ఒకటి తీసేస్తే పద్దెనిమిది ఒకట్లు, చివర సున్నా. ఆ పద్దెనిమిది ఒకట్లను విడదీద్దామని కూర్చున్నాను. తొమ్మిది ఒకట్లను రెండుసార్లు పక్కపక్కన పెట్టినట్టే కదా అది. అంటే 111111111ని 1000000001తో హెచ్చవేసినది. రాసి, కాసేపు అలాగే ఉండిపోయాను. ఈ రెండూ మహావీరాచార్యుడి హారాలే. ఒకటి 12345679 హెచ్చు 9. రెండోది 142857143 హెచ్చు 7. పిల్లలకు చమత్కారంగా చూపించిన ఆ రెండు లెక్కలూ, ఆ అమ్మాయి చార్టు మీద పైన రంగుల్లో రాసిన ఆ రెండు హారాలూ, వెయ్యేళ్ళకు పైగా ఇక్కడి తాళం చెవులను దాచుకుని ఉన్నాయి. మొదటి హారంలో 12345679 అంటే 37 హెచ్చు 333667. రెండోది విప్పితే 7, 11, 13, 19, 52579.

పాక్లింగ్టన్ పద్ధతికి ఒక్కో హారం నుంచి ఒక్కో పూస చాలు. 333667, 52579. ఆయన పరీక్షలో మన సంఖ్య నెగ్గితే, దానికున్న ప్రతి ప్రధాన భాజకంలోనూ ఒకటి తీసేస్తే వచ్చేది ఈ రెండు పూసలకూ గుణిజం కావాలి. రెండింటి లబ్ధం 17,54,38,77,193. అంటే ఏ భాజకమైనా 1,754 కోట్లకు పైనే ఉండాలి. వర్గమూలమేమో 105 కోట్లు. వర్గమూలం లోపల భాజకం లేని సంఖ్య ప్రధానం. అంతే, రెండు కోట్ల డెబ్భై ఏడు లక్షల తలుపులూ ఒక్కసారి మూసుకుంటాయి. ఒక్కటీ తెరిచి చూడనక్కర్లేదు.

పరీక్ష మాత్రం గట్టిదే. 2ను ముందు 6,33,33,270వ ఘాతానికి తీసుకెళ్ళాలి, అక్కడి నుంచి ఒక్కో పూస మేరకు, ఆపైన రెండు పూసల మేరకు పెంచాలి. ప్రతి మెట్టు దగ్గరా పందొమ్మిది ఒకట్లతో భాగించి శేషమే ఉంచుకోవాలి. వరసగా వర్గాలు చేసుకుంటూ పోతే 2 యొక్క 60వ ఘాతం నుంచి లెక్కపెట్టగా 93 పెద్ద గుణకారాలు పడ్డాయి. పందొమ్మిది అంకెలను పందొమ్మిది అంకెలతో హెచ్చవేయాలి. ఇక్కడ ఒకట్ల సంఖ్య చేసే మేలు ఒకటుంది. పందొమ్మిది తొమ్మిదులు అంటే మన సంఖ్యకు తొమ్మిది రెట్లు. కాబట్టి ఒకటి పక్కన పందొమ్మిది సున్నాలు ఉంటే దాన్ని 1గా లెక్కపెట్టుకోవచ్చు. 38 అంకెల లబ్ధం వస్తే భాగాహారం అక్కర్లేదు. సరిగ్గా నడిమికి తుంచి, ఎడమ సగాన్ని కుడి సగం కింద రాసి కూడేయడమే. విడిపోని సంఖ్యను తేల్చడానికి రోజూ తుని తగవే తీర్చాను.

నవంబరులో మొదలుపెట్టాను. తెల్లవారుజామున లేచి, రోజుకో గుణకారం. గళ్ళ నోటుబుక్కు, ఒక్కో గడిలో ఒక్కో అంకె. అంకెలు కూడి తొమ్మిదులు తీసేసి సరిచూసుకోవడం చిన్నప్పుడు మా మాస్టారు నేర్పిందే. ఈ తుంచి కూడే పద్ధతిలో తొమ్మిది శేషం చెడదు, చివరిదాకా పనికొస్తుంది. పదకొండుతో కూడా లబ్ధాన్ని తుంచకముందే చూసుకోవాలి. కొన్ని రోజులు అలా చూశాను.

ఫిబ్రవరి నెలలో 93వది ముగిసింది. పరీక్ష నెగ్గాలంటే చివర 1 రావాలి. రాలేదు. అర్థం లేని పందొమ్మిది అంకెలు వచ్చాయి.

సంఖ్య ప్రధానమని లోకానికి తెలుసు కాబట్టి తప్పు నాదే. మొదటి పేజీ నుంచి మళ్ళీ చూస్తూ వచ్చాను. పదకొండు రోజులు పట్టింది. 51వ గుణకారంలో, లబ్ధం వరసలో 47 ఉండవలసిన చోట 74 రాశాను. అంకెలు తారుమారైతే కూడిక మారదు, అందుకే తొమ్మిదులు తీసే పరీక్ష దాన్ని పట్టలేదు. పదకొండుతో చూసి ఉంటే అక్కడే దొరికేది. ఆ రోజు పెళ్ళికి వెళ్ళాలని తొందరలో చూడలేదు, పేజీ పైన "11 చూశాను" అన్న టిక్కు మాత్రం లేదు. టిక్కు పెట్టనందుకు నేనెంత ఊరటపడ్డానో చెప్పలేను. చూడకుండా పెట్టి ఉంటే ఆ పేజీ దాటి వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ పేజీని కొట్టేయకుండా, పక్కన ఎర్ర సిరాతో "ఇక్కడ తప్పు" అని తేదీ వేసి, కొత్త పేజీలో 51 నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. నలభై మూడు రోజులు. ఈసారి తొమ్మిది, పదకొండు రెండూ, రోజూ. పాక్లింగ్టన్ పరీక్షలో పూస పూసకూ చెయ్యవలసిన గ.సా.భా.లు రెండూ 1 వచ్చాయి. చివరి గుణకారం ఏప్రిల్లో, ఒక ఆదివారం పొద్దున పడింది. 38 అంకెలను నడిమికి తుంచి ఒక దాని కింద ఒకటి రాసి కుడి నుంచి కూడడం మొదలుపెట్టాను. సున్నా. చేతిలో ఒకటి. సున్నా. చేతిలో ఒకటి. సున్నా. పందొమ్మిది సున్నాలు, ముందు ఒకటి. ఆ ఒకటిని మడిచి కుడి చివరకు తెచ్చి రాశాను. పేజీలో మిగిలింది 1.

కాకినాడలో నేల మీద కూర్చున్న పిల్ల కుడి నుంచి ఒకట్లు దించుకుంటూ వచ్చిన సంగతి ఆ క్షణాన గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది?

పాత విద్యార్థుల ద్వారా ఫోను నంబరు సంపాదించడానికి రెండు వారాలు పట్టింది. వేరే జిల్లాలో రక్తపరీక్షల ల్యాబు నడుపుతోంది. ఇద్దరు పిల్లలట. నా పేరు చెప్పగానే "మాస్టారూ, బాగున్నారాండీ?" అంది, గొంతు మారలేదు. కుశలాలయ్యాక ఇక ఆగలేక చెప్పేశాను. ఆ రోజు మొత్తం చూశానన్నాను కానీ లక్ష దాకానే చూశానమ్మా, కాకినాడలో కూడా నోరు విప్పలేదు, ఆ తప్పు నాది, నీది కాదు.

అటు నుంచి కాసేపు మాట లేదు.

"నాకు తెలుసండి," అంది. "చార్టు రాసేటప్పుడు మీ పుస్తకం నా దగ్గరే ఉంది కదండీ. ఆఖరి పేజీలో 99961 దగ్గర ఆగిపోయింది. మిగతాది ఇంకో పుస్తకంలో ఉంటుందనుకున్నాను. ఆ పుస్తకం అడుగుదామనుకుని, మళ్ళీ బాగుండదేమోనని ఊరుకున్నానండి."

ముప్పై మూడేళ్ళు. ఆ పిల్ల ఆ రెండో పుస్తకం ఉందనే నమ్మింది.

నేను చాలాసేపు ఏమీ అనలేకపోయాను. తర్వాత పందొమ్మిది ఒకట్ల సంగతి చెప్పాను, హారాల సంగతి, పూసల సంగతి. తను మధ్య మధ్య ఆపి అడిగింది. 52579 ప్రధానమని విడిగా చూశారా? చూశాను, దాని వర్గమూలం 229 పైమాట, అక్కడి దాకా. 333667? చూశాను, 577 దాకా. ఆ ప్రశ్నలు వింటుంటే, 1992 జనవరిలో ఆగిపోయినవి మళ్ళీ వస్తున్నట్టు నా చెయ్యి వణికింది.

నోటుబుక్కు పోస్టులో పంపనా అన్నాను. జిరాక్సు తీయించి పంపుతాను, 51వ పేజీ తప్పుది కాబట్టి తీసేసి, సరిచేసినవి మాత్రం పంపుతానన్నాను.

"వద్దండి," అంది. "అదీ పంపండి. ముందు దాన్నే చూస్తాను."